చాయ్‌కి తొమ్మిది, సౌండ్‌కి సున్నా: కోఠీ దగ్గర మా ఇరానీ హోటల్

హోటల్ పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారం మా బల్ల మాకు దొరకదు. పైగా కాసేపట్లో కొంచెం తిట్టబోతున్నాను కూడా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడి నుంచి కోఠీ వైపు నడుస్తుంటే తగులుతుంది. మెట్రోలో వచ్చేవాళ్లకు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర.

మేం నలుగురం. పాత ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, రికార్డులు అంటే పడిచచ్చే బాపతు. శనివారం గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు కొనుక్కుంటాం. రాత్రంతా సాల్డరింగ్ చేసి, పొద్దున్నే అవి ఎందుకు పని చేయలేదో చెప్పుకోవడానికి ఇక్కడికి వస్తాం. ఒకసారి కేబుళ్ల గురించి వాదన ముదిరి ఇద్దరు నెల రోజులు మాట్లాడుకోలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: రెండో చాయ్ వచ్చేదాకా ఆడియో మాట ఎత్తకూడదు. ఎత్తినవాడిదే ఆ పూట బిల్లు.

నియమం బాగానే ఉంది కానీ హోటలే దాన్ని పాటించనివ్వదు. పాలరాతి బల్లలు, రెండు వైపులా గోడకు అద్దాలు, ఎక్కడో పైన సీలింగు, నేలంతా నున్నటి బండలు. మెత్తటి వస్తువు ఒక్కటీ లేదు, మా డాక్టర్ పొట్ట తప్ప. కప్పు సాసర్ మీద పెట్టిన టంగుమన్న శబ్దం పోవాల్సిన చోటికి పోకుండా అద్దం నుంచి అద్దానికి తిరుగుతూనే ఉంటుంది. చప్పట్లు కొడితే కిర్రుమంటూ తిరిగొస్తుంది. మా చిన్నా ఫోన్లో యాప్ పెట్టి కొలిస్తే 80 డెసిబెల్స్ చుట్టూ ఆడింది. ఇంట్లో ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా స్పీకర్లో టక్కుమంటోందని ఫ్రిజ్‌కి వేరే లైను లాగించిన మనిషి వాడు. ఇక్కడ మాత్రం నెత్తిమీద ఫ్యాను గరగరలాడుతున్నా రెండు గంటలు హాయిగా కూర్చుంటాడు.

చాయ్ సంగతికొస్తే, డికాక్షన్ విడిగా మరుగుతూ ఉంటుంది, పాలు విడిగా చిక్కబడుతూ ఉంటాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అడగాలి. పొద్దున ఏడింటికి వెళ్తే కొంచెం పలుచగా ఉంటుంది, తొమ్మిది దాటాక అసలు రుచి వస్తుంది. చిన్నా దీన్ని ‘బర్నిన్’ అంటాడు, అంటే కొత్త స్పీకర్ కొన్నాళ్లు మోగాకే అసలు సౌండ్ ఇస్తుందని మా బాపతువాళ్లు చెప్పుకునే మాట. ఆ మాట ఆడియో కిందికి వస్తుందా రాదా అని ఒక ఆదివారమంతా తేల్చుకోలేకపోయాం, చివరికి బిల్లు సగం సగం వేసుకున్నాం. పక్క గల్లీ హోటల్లో చాయ్ ఇంతకంటే బాగుంటుందని డాక్టర్ ఎప్పుడూ సణుగుతుంటాడు. ఒకసారి అక్కడి చాయ్ ఫ్లాస్కులో తెచ్చామని చెప్పి, కళ్లు మూయించి రెండు కప్పులు తాగించాం. రెండూ ఇక్కడివే, ఒకే కెటిల్లోవే. “ఇదిగో, ఇదీ చాయ్ అంటే! దీంట్లో గాలాడుతోంది” అన్నాడు రెండోది తాగి, మంచి స్పీకర్‌ను మెచ్చుకున్నట్టు. ఆ తర్వాత రెండు వారాలు రాలేదు.

ఉస్మానియా బిస్కెట్ పొద్దున బాగుంటుంది, ఉప్పూ తీపీ సరిగ్గా కుదిరి నోట్లో పెట్టుకోగానే పొడి పొడిగా రాలుతుంది. పదకొండు తర్వాత మెత్తబడిపోతుంది, తీసుకోకండి. చోటీ సమోసా వేడిగా ఉంటే సరే.

ఇక మాస్టారి కథ. ఆయన ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. టర్న్‌టేబుల్ స్వయంగా తయారు చేసుకున్నారు, మోటారు వేగం మార్చడానికి దానికి ఒక నాబ్ ఉంది. మూడు వారాలుగా ఆయన ధోరణే మారిపోయింది. “ఘంటసాల గొంతులో ఇంత గాంభీర్యం ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియలేదయ్యా” అంటారు. పోయిన ఆదివారం మొదటి చాయ్ ఇంకా రాకుండానే ఆగలేక సంచిలోంచి ఒక అట్ట చక్రం తీశారు. అమెరికాలో ఉన్న అల్లుడు తెచ్చిన స్ట్రోబ్ డిస్క్. నియమం తప్పినట్టే, బిల్లు ఆయనదే. అయినా ఆగలేదు. రికార్డు మీద దీన్ని పెట్టి తిప్పితే ట్యూబ్‌లైట్ వెలుగులో గీతలు కదలకుండా నిలబడాలి, అప్పుడే వేగం సరిగ్గా ఉన్నట్టు అని మాకు క్లాసు పీకారు. ఆయన ఇంట్లో రాయిలా నిలబడ్డాయట.

డాక్టర్ కళ్లద్దాలు పైకి తోసి, నడిమధ్యన చీమ తలకాయలంత అక్షరాలు చదివాడు.

“మాస్టారూ, ఇక్కడ 60 సైకిల్స్ అని ఉంది.”

బల్ల దగ్గర అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మన కరెంటు 50 సైకిల్స్, చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఎల్‌పీ రికార్డు తిరగాల్సింది నిమిషానికి 33⅓ చుట్లు. ఆ లెక్కన మన దగ్గర డిస్కు మీద 180 గీతలుండాలి. అమెరికాలో కరెంటు 60 సైకిల్స్ కాబట్టి అక్కడి డిస్కు మీద 216 ఉంటాయి. ఆ 216 గీతల్ని మన ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టాలంటే ప్లాటర్, అంటే రికార్డును తిప్పే పళ్లెం, వేగాన్ని 27.8 చుట్లకు దించాలి. మాస్టారు నాబ్ తిప్పి తిప్పి సరిగ్గా అదే చేశారు. ఆ వేగంలో శ్రుతి హార్మోనియం మీద తెలుపూ నలుపూ కలిపి మూడు మెట్లు కిందికి దిగుతుంది. గాంభీర్యం రాకేం చేస్తుంది?

“పద్యాల రికార్డు కదా, రాగం తీస్తున్నారనుకున్నాను” అన్నారు మాస్టారు మెల్లగా.

“ఇరవై నిమిషాల సైడు ఇరవై నాలుగు నిమిషాలు వస్తుంది సర్, అల్లుడి డబ్బులు గిట్టుబాటయినట్టే” అన్నాడు చిన్నా. వెయిటర్ చాయ్ పెడుతూ, ఇంతమంది ఎందుకు ఇలా పడి పడి నవ్వుతున్నారో అర్థంకాక, బల్ల తుడవాలేమోనని గుడ్డ తెచ్చాడు.

ఇప్పుడు తిట్లు. చేతులు కడుక్కునే చోట కుళాయి నాలుగు నెలలుగా కారుతూనే ఉంది, కింద పెట్టిన బకెట్టు నిండి పొర్లుతోంది. మూత్రశాల గురించి అడగకండి, ఇంటి దగ్గరే చూసుకొని రండి. కిటికీ పక్క కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద మడిచిన అట్టముక్క పెట్టారు, అది జారిపోతూ ఉంటుంది. ఇద్దరు కూర్చొని ఉన్నా అదే బల్ల దగ్గర తెలియనివాళ్లను కూర్చోబెడతారు. ఇదొక్కటి నాకు నచ్చుతుంది కానీ అందరికీ నచ్చదు.

ఇక్కడి బిల్లు కాగితం మీద ఉండదు. మీరు లేచి గల్లా వైపు నడుస్తుంటే వెయిటర్ ఎక్కడున్నా సరే, ఒక చేతి మీద ఆరు కప్పులున్నా సరే, అక్కడి నుంచే మీ ఆనవాలు చెప్పి లెక్క అరుస్తాడు. అంత గోలలోనూ ఆ కేక గల్లా దాకా ఒక్క అక్షరం చెదరకుండా వెళ్తుంది. మా నలుగురి దగ్గర ఉన్న స్పీకర్లలో ఒక్కటీ ఆ పని చేయలేదు.

“చష్మే వాలే సాబ్ సే దో సౌ చాలీస్!”

ఎనిమిది చాయ్‌లు 160, రెండు ప్లేట్ల బిస్కెట్లు 40, సమోసాలు 40. మాస్టారు కళ్లద్దాలు సర్దుకొని గల్లా దగ్గర ఆగారు. “అన్నా, మాస్టారి స్పీడులో లెక్కేస్తే 240 కాస్తా 200 అవుతుంది” అని చిన్నా నా చెవిలో అన్నాడు. లెక్క సరిగ్గా కుదిరింది, వాడే ఆశ్చర్యపోయాడు. మాస్టారికి వినబడనే వినబడింది. ఆయన ఆ మాట సేఠ్‌కి చెప్పి చూశారు కూడా. సేఠ్ నవ్వలేదు, స్కానర్ అట్టను వేలితో ముందుకు జరిపాడు.

మాస్టారు ఫోన్లో నొక్కారు. గల్లా మీదున్న చిన్న డబ్బా హోటలంతా వినబడేలా ‘రెండు వందల నలభై రూపాయలు’ అంది. మాస్టారు తల పక్కకు వంచి, రికార్డు వినేటప్పుడు వినే పద్ధతిలో, పూర్తిగా విన్నారు.

“దీని స్పీడు మాత్రం కరెక్టుగా ఉందయ్యా” అన్నారు.