స్కాట్ మాన్యుమెంటా, వాలెస్ మాన్యుమెంటా: ఒక్కటే ఎక్కాలంటే ఏది?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో స్కాట్ మాన్యుమెంట్‌ను వెతుక్కోనక్కర్లేదు. వేవర్లీ స్టేషన్ బయటికి రాగానే ప్రిన్సెస్ స్ట్రీట్ పక్కన నల్లగా, మొనదేలి కనిపిస్తుంది. వాలెస్ మాన్యుమెంట్ కోసమైతే రైలెక్కి స్టిర్లింగ్ వెళ్లాలి, అక్కణ్ణుంచి ఊరి అవతలి అబ్బీ క్రెయిగ్ గుట్ట దాకా బస్సు పట్టుకోవాలి. లిఫ్ట్ రెండిట్లోనూ లేదు. స్కాట్‌ది 287 మెట్లు, వాలెస్‌ది 246. రెండూ గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లే.

నన్నడిగితే ఎక్కడానికి వాలెస్, కింద నిలబడి చూడడానికి స్కాట్.

నవలాకారుడు వాల్టర్ స్కాట్ కోసం 61 మీటర్ల గోపురం కట్టి 1846లో ఆవిష్కరించారు. పక్కనున్న స్టేషన్‌కు కూడా ఆయన నవలల పేరే పెట్టుకున్నారు. ఒక రచయితను ఇంతగా నెత్తిన పెట్టుకున్న ఊరంటే నాకు గౌరవం. దీని నమూనా గీసిన జార్జ్ మీకిల్ కెంప్ వడ్రంగి పని నేర్చినవాడు, వాస్తుశిల్పం సొంతంగా అబ్బించుకున్నాడు. పని పూర్తికాకముందే, 1844లో పొగమంచు రాత్రి ఇంటికి వెళ్తూ కాలువలో పడి చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక ఆ రాళ్లను ఊరికే చూసి పోలేం. బొగ్గు పొగకు మసిబారిన గోపురం కింద తెల్లటి పాలరాతి స్కాట్ కూర్చుని ఉంటాడు, పక్కనే ఆయన కుక్క మైదా. ఇదంతా చూడడానికి టికెట్ అక్కర్లేదు. పైకి వెళ్తే చివరి మెట్ల దగ్గర భుజాలు గోడలకు రాసుకుంటాయి. ఇరుకంటే భయమున్నవాళ్లకు టెన్షనే. ఊరంతా చూడాలనుకుంటే కాల్టన్ హిల్ ఉంది, ఖర్చు లేదు. పైగా అక్కణ్ణుంచి స్కాట్ మాన్యుమెంట్ కూడా కనిపిస్తుంది.

వాలెస్ మాన్యుమెంట్ చూడాలంటే పైకి ఎక్కాల్సిందే. 1869లో పూర్తయిన ఈ 67 మీటర్ల బురుజు నిలబడ్డ గుట్ట మీదే 1297 సెప్టెంబర్ 11న, ఇంగ్లండ్ పెత్తనాన్ని ఎదిరించిన స్కాటిష్ నాయకులు విలియం వాలెస్, ఆండ్రూ మోరేల సైన్యం కాచుకుని ఉంది. కింద ఫోర్త్ నది మీద ఇరుకైన చెక్క వంతెన. ఇంగ్లిష్ సైన్యంలో కొంత భాగం ఇవతలికి దాటేదాకా ఆగి, అప్పుడు మీద పడ్డారు. వెనకున్నవాళ్లు సాయానికి రాలేకపోయారు. పైనుంచి చూస్తే నది మెలికలు, అవతల స్టిర్లింగ్ కోట, మధ్యలో ఆ పల్లం కనిపిస్తాయి. ఎందుకు గెలిచారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత తేటగా తెలియదు.

మధ్యలో ఆగడానికి గదులున్నాయి కాబట్టి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కొచ్చు. ఒకదాంట్లో వాలెస్‌దని చెప్పే కత్తి ఉంది, దాదాపు మనిషంత పొడవు. అది పూర్తిగా ఆయన కాలం నాటిదేనా అన్న అనుమానం చరిత్రకారులకు ఉంది. ఇంకో గదిలో స్కాట్లాండ్ ప్రముఖుల అర్ధవిగ్రహాలు, వాళ్లలో స్కాట్ కూడా ఉన్నాడు.

మనవాళ్లు చాలామంది అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇవి చూపించాలనుకుంటారు. మోకాళ్ల నొప్పులుంటే రెండూ ఎక్కించొద్దు. స్కాట్ విగ్రహం దగ్గర తోటలో కూర్చోబెట్టండి, వాళ్లకు అది చాలు. ఓపికున్నవాళ్లయితే స్టిర్లింగ్ తీసుకెళ్లండి. గుట్ట కింది నుంచి బురుజు దాకా షటిల్ బస్సు ఉంటుంది. పైన గాలి గట్టిగా కొడుతుంది, ఎండాకాలమైనా జాకెట్ మర్చిపోవద్దు.