టీమ్స్ ప్రైవేట్ ఛానళ్లు: మూడు మామిడి సీజన్ల వాడకం తర్వాత

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మూడు సీజన్లు మైక్రోసాఫ్ట్ టీమ్స్ (ఆఫీసు చాట్, ఫైళ్ల యాప్) ప్రైవేట్ ఛానళ్లు, అంటే ఎంచుకున్న సభ్యులకే కనిపించే విభాగాలు, వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ర్యాంపు (కాయలు దించుకునే చోటు), ల్యాబ్, స్టోర్స్, అకౌంట్స్ అందరిదీ ఒకే టీమ్. రేపటి తోతాపురి ధర మాత్రం ఖరారయ్యేదాకా నలుగురైదుగురి మధ్యే ఉండాలి. ముందే పొక్కితే తెల్లారేసరికి గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, లేదంటే ఒక్కటీ రాదు. 2019లో వచ్చిన ఈ సౌకర్యం ఆ పనికి బాగా సరిపోతుంది.

పెట్టడం తేలికే. టీమ్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి, యాడ్ ఛానల్‌లో పేరు రాసి, రకం దగ్గర ప్రైవేట్ ఎంచుకోవాలి. ఆ రకం దగ్గరే కాస్త ఆగండి. స్టాండర్డ్‌గా (టీమ్ అందరికీ కనిపించేలా) తెరిచినదాన్ని తర్వాత ప్రైవేట్‌గా మార్చలేరు, ప్రైవేట్‌ను స్టాండర్డ్ చేయనూ లేరు. కొత్తది తెరిచి ఫైళ్లు తరలించుకోవచ్చు గానీ మాటలన్నీ పాతదాంట్లోనే ఉండిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది సీజన్ సిబ్బంది రాకపోకలు. టీమ్‌లోంచి మనిషిని తీసేస్తే అందులోని ప్రైవేట్ ఛానళ్లన్నిటి నుంచీ పోతారు; ఇది మంచిదే. మళ్లీ జూన్‌లో టీమ్‌లో చేర్చినప్పుడు మాత్రం పాత ఛానళ్లు వాటంతటవి తిరిగి రావు, ఒక్కోదాంట్లో విడిగా చేర్చాలి. ల్యాబ్ మనిషికి బ్రిక్స్ (గుజ్జు తీపి కొలత) రిపోర్టులు కనిపించకపోతే మొదట చూడాల్సింది ఇదే. ఛానల్‌కు ఒక్కరే ఓనరై, ఆయన సంస్థ వదిలేస్తే, ఉన్న సభ్యుల్లో ఒకరిని టీమ్సే ఓనర్‌ను చేస్తుంది. అది ఎవరికి దక్కుతుందో మన చేతుల్లో ఉండదు కాబట్టి మొదటినుంచీ ఇద్దరు ఓనర్లు ఉండి తీరాలి.

రెండో చిక్కు పాత చరిత్ర. ఛానల్‌లో కొత్తగా చేరినవారికి మొదటి రోజు నుంచి ఉన్న సందేశాలన్నీ కనిపిస్తాయి. ఒక్క బిల్లు సందేహం కోసం అకౌంట్స్ మనిషిని ధరల ఛానల్‌లోకి తెస్తే నిరుటి బేరాలన్నీ ఆయన ముందు పరిచినట్టే. అలాంటి ప్రశ్న చాట్‌లో అడిగితే చాలు. సీజన్‌కో కొత్త ఛానల్, పేరులో సంవత్సరం పెట్టుకోవడం మాకు బాగా కలిసొచ్చిన పద్ధతి.

పేరు విషయంలోనూ జాగ్రత్త. టీమ్ ఓనర్లు లోపలి సందేశాలు చూడలేరు గానీ ఛానల్ పేరు చూడగలరు, తొలగించనూ గలరు. పొరపాటున తొలగిస్తే 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. రహస్యాన్నే పేరుగా పెడితే తాళం వేసి ఏం లాభం? మామూలుగా సభ్యులెవరైనా ప్రైవేట్ ఛానల్ తెరవగలరు. చిన్నచిన్న గదులు పుట్టుకురాకుండా మేనేజ్ టీమ్, సెట్టింగ్స్, మెంబర్ పర్మిషన్స్‌లో ఆ టిక్కు తీసేయండి.

టీమ్‌లో లేని మనిషిని ప్రైవేట్ ఛానల్‌లో చేర్చలేరు. ఎగుమతిదారు సంస్థవారిని టీమ్‌లో చేర్చకుండానే వాళ్లతో కలిసి పనిచేయాలంటే షేర్డ్ ఛానల్ కావాలి. దానికి రెండు సంస్థల అడ్మిన్లూ ముందే అనుమతులు సరిచేసుకోవాలి.

ఫైళ్లు ఛానల్‌కో విడి షేర్‌పాయింట్ (మైక్రోసాఫ్ట్ ఫైళ్ల నిల్వ) సైట్‌లో ఉంటాయి. సభ్యుల్ని మేనేజ్ ఛానల్ నుంచే చేర్చండి, తీసేయండి. ఆ సైట్‌లోకి వెళ్లి పర్మిషన్లు మార్చబోకండి. లింకు పంపేటప్పుడు ఇప్పటికే అనుమతి ఉన్నవారికి మాత్రమే తెరుచుకునే రకం ఎంచుకోండి. ధరల షీటును ఎవరైనా డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పెడితే ఈ తాళం ఆపలేదు. అందుకే ఖరారు కాని అంకెల్ని ఫైల్‌గా కాకుండా సందేశంగానే రాయమని కొనుగోలు విభాగానికి గట్టిగా చెబుతున్నాం.