అలంకారాల గైడు కొనే ముందు రూపకం పేజీ తెరవండి

టెట్, డీఎస్సీ రాసేవాళ్ల కోసం కోఠిలోనూ, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనూ అమ్మే తెలుగు గైడ్లలో అలంకారాల పాఠం చాలావరకు ఒకే అచ్చు. అలంకారం పేరు, పక్కన లక్షణం, ఆ పక్కన ఒక ఉదాహరణ. పరీక్ష ముందు రోజు తిరగేయడానికి ఈ పట్టిక హాయిగా ఉంటుంది. దాన్నే పట్టుకుని నేర్చుకుంటే, కొత్త వాక్యం ఇచ్చినప్పుడు చెయ్యి ఆడదు.

శబ్దాలంకారాల వరకు, అంటే అక్షరాల కూర్పుతో అందం వచ్చే వాటి వరకు, ఫర్వాలేదు. యమకం దగ్గరే చిన్న మెలిక. అవే అక్షరాలు మళ్లీ రావాలి, అర్థభేదం ఉండాలి అని చెప్పి ఊరుకుంటే ఛేకానుప్రాసకూ దానికీ తేడా తెలియదు. ఛేకంలో హల్లుల జంట ఎడం లేకుండా వెంటనే రావాలి: 'వంద వందనాలు'. యమకానికి ఆ నిబంధన లేదు: 'పాలు విరిగితే ఏం చేయాలో పాలుపోలేదు'.

అసలు చిక్కు అర్థాలంకారాల్లో, అంటే అర్థంతో అందం వచ్చే వాటిలో. మొదటిది ఉపమ, అంటే పోలిక. 'నవ్వు మల్లెపువ్వులా తెల్లగా ఉంది' అంటే నవ్వు ఉపమేయం (మనం పోల్చేది), మల్లెపువ్వు ఉపమానం (దేనితో పోలుస్తామో అది), తెల్లదనం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఏది తగ్గినా లుప్తోపమ. ఇంతవరకు అన్ని గైడ్లూ చెబుతాయి. ఆ తర్వాత 'వలె, లా, అట్లు కనిపిస్తే ఉపమ' అని ఒక కిటుకు తగిలిస్తాయి. మార్కులు పోయేది అక్కడే. 'వెన్నెల సున్నంలా తెల్లగా ఉంది' ఉపమే. 'వెన్నెల ఊరికి సున్నం కొడుతున్నట్లుంది' అన్నప్పుడు పోలిక కాదు, జరగని పనిని ఊహిస్తున్నాం; అది ఉత్ప్రేక్ష. ఆ ఊహను కూడా తీసేసి, ఉన్నదానికి మించి నిజమన్నట్టే చెబితే అతిశయోక్తి: 'కొబ్బరిచెట్లు చంద్రుణ్ణి తాకుతున్నాయి'. అదే 'తాకుతున్నాయా అన్నట్లున్నాయి' అంటే మళ్లీ ఉత్ప్రేక్షే.

ఇక రూపకం, అంటే ఉపమేయాన్ని ఉపమానమేనని చెప్పడం. 'ముఖపద్మం' అన్న సమాసాన్ని 'పద్మం వంటి ముఖం' అని విడదీస్తే ఉపమ, 'ముఖమనే పద్మం' అని విడదీస్తే రూపకం. మరి ఏది రాయాలి? సమాసాన్ని ఎంతసేపు చూసినా తేలదు, క్రియను చూడాలి. 'ముఖపద్మం వికసించింది': వికసించడం పద్మం పని, కనుక రూపకం. 'ముఖపద్మాన్ని తుడుచుకుంది': తుడుచుకునేది ముఖాన్నే, పద్మాన్ని కాదు; ఉపమ. ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పిన గైడు దొరికితే బేరమాడకుండా కొనేయొచ్చు.

అర్థాంతరన్యాసానికి 'చివర కదా ఉంటుంది' అని గుర్తు చెప్పే పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. 'కదా' దృష్టాంతమనే మరో అలంకారంలోనూ రావచ్చు. అర్థాంతరన్యాసంలో ఒక వాక్యం ఒక వ్యక్తికో సంఘటనకో చెందింది, రెండోది లోకమంతటికీ వర్తించేది; ఒకటి మరొకదాన్ని సమర్థిస్తుంది. దృష్టాంతంలో రెండూ ఒకే స్థాయి వాక్యాలు, బింబ ప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలుస్తాయి.

దుకాణంలో నిలబడి ఇవన్నీ చదివే తీరిక ఉండదు. చివరి పేజీల్లో బిట్ల జవాబులు చూడండి. '1-బి, 2-ఎ' అని అంకెలే ఉంటే వద్దు. పక్కన కారణం ఒక్క ముక్కైనా రాసి ఉండాలి. ఇంట్లో పదో తరగతి ప్రభుత్వ వాచకం ఉంటే ముందు అందులోని భాషాంశాలు చేయండి. అక్కడ ఉదాహరణ ముందు, లక్షణం తర్వాత. గైడు ఖర్చు మిగలనూ వచ్చు.