హాన్లేలో చీకటికి కట్టిన అద్దె

నక్షత్రాలు చూద్దామని, లేహ్‌లో ఆగి ఎత్తుకు ఒళ్లు అలవాటు చేసుకుని లదాఖ్‌లోని హాన్లే చేరాం. దారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదంతా గుడారాల బస మీదే.

మనిషికి 4,500 రూపాయలు, టెలిస్కోపు ఉచితమని ఫోనులో చెప్పారు. తీరా వెళితే ఆవరణ చుట్టూ రంగుదీపాల తోరణాలు, భోజనాల డేరా ముందు ఫ్లడ్‌లైటు! 2022లో చీకటి ఆకాశాన్ని కాపాడటానికే రిజర్వుగా ప్రకటించిన చోటు ఇది. ఆర్పమంటే, ‘మిగతావాళ్లు ఫొటోలు తీసుకోవాలి కదా సార్’ అన్నాడు మేనేజరు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట కావాలి. ఒక్క కారు హెడ్‌లైటు పడితే మళ్లీ మొదటికే. ఇక ఆ ఉచిత టెలిస్కోపు, ముట్టుకుంటే వణికే బొమ్మ. అసలే తలనొప్పితో ఉన్న మా బావ ‘మా డాబా నయం’ అని ముసుగుతన్నాడు. రెండో రాత్రికి కట్టిన 2,000 బయానా తిరిగి రాలేదు.

మర్నాడు ఊళ్లో ఒక ఇంటికి మారాం. రెండు పూటల తిండితో కలిపి మనిషికి 1,500. ఇంటావిడ నక్షత్రాలు చూపించడంలో శిక్షణ పొందిన మనిషి. కిటికీలకు మందపాటి తెరలు, చేతిలో ఎర్ర టార్చి, పెరట్లో 8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు. మొదట దక్షిణాన ఎన్‌జీసీ 253 (ఎన్‌జీసీ అనే ఖగోళ పట్టికలో ఆ నంబరున్న గెలాక్సీ) పెట్టారు: పొడవాటి బూడిదరంగు మసక. 1783 సెప్టెంబరు 23న ఇంగ్లండులో ఖగోళ పరిశీలకురాలు కరోలిన్ హెర్షెల్ దీన్ని 4.2 అంగుళాల దర్పణంతోనే పట్టుకున్నారు. అక్కడ అది దిగంతానికి ఇంకా దగ్గరగా ఉంటుంది! మరుసటి ఏడాది ఆమె అన్న విలియం కనిపెట్టిన మరో గెలాక్సీ ఎన్‌జీసీ 891 నడినెత్తిన సన్నని గీతలా ఉంది. నేరుగా చూస్తే మాయం, కాస్త పక్కకు చూస్తే ప్రత్యక్షం. ఆయన చూసి చెబుతుంటే ఆమె రాసుకునేవారట. మేమూ అలాగే చేశాం. రాత బావ వంతు, సణుగుడుతో సహా.

ఐదు గెలాక్సీలు గుంపుగా కనిపించే స్టెఫాన్ పంచకం మాత్రం లొంగలేదు. 1870లలో ఫ్రాన్స్‌లోని మార్సేలో దాన్ని కనిపెట్టిన ఎడువార్ స్టెఫాన్‌కు 80 సెంటీమీటర్ల వెండిపూత అద్దం ఉంది, మాకు 20. ఐదూ కలిసి ఒకే మరక, అదీ అనుమానంగానే. నిజానికి ఆ ఐదింటిలో నాలుగు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, ఐదోది 4 కోట్ల దూరంలోనే దారికి అడ్డంగా ఉంది. ఇది విన్నాక బావ తనంతట తానే మళ్లీ కన్ను పెట్టాడు.

వెళితే అమావాస్య దగ్గర వెళ్లండి. బుక్ చేసేముందు, తొమ్మిది తర్వాత బయటి దీపాలు ఆర్పుతారా అని అడగండి. జవాబు నసిగితే ఫోను పెట్టేయండి.