సీటు బ్లాక్ చేస్తామని ఒరిజినల్స్ అడిగితే ఇవ్వకండి

ఇంటర్ ఎంపీసీ అయిపోయి కంప్యూటర్ సైన్స్ సీటు కోసం చూస్తున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇది ఒక్కసారి చదవండి. మాకు జరిగింది ఇంకో ఇంట్లో జరగొద్దని రాస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లా. మా అమ్మాయి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా నోటికి ఇంకా ఎంసెట్టే) రాసి వచ్చిన మూడో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. మా నంబరు ఎవరిచ్చారో తెలీదు. పాప పేరు, చదివిన కాలేజీ అన్నీ వాళ్లే చెప్పేవాళ్లు. ఒక కన్సల్టెన్సీ అబ్బాయి ఏకంగా ఇంటికే వచ్చాడు. చాయ్ తాగాడు. మా అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. హైదరాబాద్ శివార్లలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీ (కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థ) క్యాంపస్ బ్రోచర్ తీసి, "అంకుల్, సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్. జాబ్ గ్యారంటీ. రీయింబర్స్‌మెంట్ కూడా వస్తది. ఇంకా ఐదు సీట్లే ఉన్నయి, సాయంత్రం లోపు బ్లాక్ చేసుకోవాలి. ర్యాంకులు వచ్చినాక ఇదే సీటుకు డబుల్ అడుగుతరు" అన్నాడు.

భయపడ్డాం. చీటీ ఎత్తిన డబ్బుల్లోంచి 60,000 కట్టాం. అందులో 25,000 యూనివర్సిటీ ఖాతాకు, 35,000 అతను చెప్పిన ఫోన్ నంబరుకు. పంపేటప్పుడు స్క్రీన్ మీద సంస్థ పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. అడిగితే "మా అకౌంటెంట్ అంకుల్" అన్నాడు. నేను పిన్ కొట్టేశాను. అంతకంటే పెద్ద తప్పు ఆ వెంటనే చేశాను. పదో తరగతి మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఉన్న స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ ఒరిజినల్స్, కవర్లో పెట్టి అతని చేతికిచ్చాను. వెరిఫికేషన్ చేసి వారంలో తిరిగిస్తామన్నాడు.

ర్యాంకు వచ్చింది. గొప్ప ర్యాంకు కాదు గానీ, కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) మంచి కాలేజీలోనే సీఎస్ఈ వచ్చే ర్యాంకు. ఇల్లంతా సంబరపడ్డాం. హెల్ప్‌లైన్ సెంటర్‌లో వెరిఫికేషన్‌కు స్లాట్ బుక్ చేస్తుంటే ఒరిజినల్స్ గుర్తొచ్చాయి. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్యాంపస్‌కు వెళ్తే "హెడ్ ఆఫీసులో ఉన్నయి, సోమవారం రండి" అన్నారు. సోమవారం వెళ్తే సార్ లేడన్నారు. మూడోసారి మా ముందే గుమస్తా ఇనుప బీరువా తీశాడు. వరసగా బ్రౌన్ కవర్లు, ఒక్కో కవరు మీద ఒక్కో పిల్ల ఫొటో అంటించి ఉంది. మూడో అరలో మా పాప ఫొటో కనబడింది. "అదే సార్ మాది" అని చెయ్యి చూపించాను. "నాలుగేళ్ల ఫీజు మొత్తం కట్టి తీసుకపోండి" అని తలుపు మూసేశాడు. మా అమ్మాయి అక్కడే ఏడ్చింది.

ఒరిజినల్స్ చేతికి రావడానికి 19 రోజులు పట్టింది. మొదటి విడత కౌన్సెలింగ్ పోయింది. రెండో విడతలో ఐటీ సీటు వచ్చింది.

ఎలా వచ్చాయో చెప్తాను, ఇప్పుడు ఇరుక్కుని ఉన్నవాళ్లకు పనికొస్తుంది. యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఏ విద్యాసంస్థా ఒరిజినల్స్ తన దగ్గర ఉంచుకోకూడదు. చూసి, సరిపోల్చుకుని, అప్పుడే తిరిగిచ్చేయాలి. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో మానుకుంటే, కట్టిన దాంట్లో 5 శాతానికి మించి పట్టుకోకూడదు, అదీ 5,000 దాటకూడదు. ఫీజు వాపసు మీద ఆ తర్వాత కూడా విడిగా సర్క్యులర్లు వచ్చాయి, మీ సంవత్సరానిది చూసుకోండి. ఈ రూల్ రాసి రిజిస్ట్రార్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాను. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు కూడా వాళ్లకు పంపాను. అంతవరకూ కసిరిన మనిషే ఫోన్ చేసి రమ్మన్నాడు. 25,000లో 1,250 పట్టుకుని మిగతా 23,750 ఖాతాలో వేశారు. ఆ 35,000 మాత్రం రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పాను, ఇంకా తేలలేదు. యూనివర్సిటీ వాళ్లేమో ఆ కన్సల్టెన్సీతో మాకు సంబంధమే లేదంటారు.

ఇంటికొచ్చి రసీదు వెనక చదివితే తెలిసింది, అక్కడ 'ప్లేస్‌మెంట్ సహాయం' అనే ఉంది. గ్యారంటీ అన్న మాటే లేదు. రీయింబర్స్‌మెంటూ అబద్ధమే, మేనేజ్‌మెంట్ కోటాలో (సంస్థ నేరుగా నింపుకునే సీట్లలో) చేరితే అది రాదు. డీమ్డ్ యూనివర్సిటీ అసలు ఊరు వదిలి ఇంకోచోట క్యాంపస్ పెట్టాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. అనుమతి ఉన్న క్యాంపస్‌ల పేర్లు యూజీసీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. డబ్బు కట్టకముందు పది నిమిషాలు కూర్చుని చూసుకోండి. బ్రోచర్ మీద న్యాక్ (విద్యాసంస్థల నాణ్యత చూసే సంస్థ) గ్రేడు పెద్దగా వేస్తారు. అది సంస్థ మొత్తానికి ఇచ్చేది. బ్రాంచికి విడిగా ఎన్‌బీఏ గుర్తింపు ఉంటుంది. మీరు చేరే బ్రాంచికి అది ఉందా అని అడగండి. కొత్త బ్రాంచికి ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాకపోతే ప్లేస్‌మెంట్ లెక్కలు ఎక్కడివని కూడా అడగండి.

ఇంకో మాట, పిల్లలకు. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని బ్రాంచి పేరు చూసి రెండు మూడు లక్షలు ఎక్కువ పెట్టకండి. మా బంధువుల అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాడు, మామూలు సీఎస్ఈ సిలబస్, ఏఐ సిలబస్ పక్కపక్కన పెట్టి చూపించాడు. మొదటి రెండేళ్లు దాదాపు ఒకటే. లెక్కలు, సీ లాంగ్వేజ్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్. ఇంటర్వ్యూలో అడిగేదీ ఎక్కువగా అవే. మామూలు సీఎస్ఈ, ఐటీ, ఆఖరికి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదివినా కోడింగ్ వస్తే దారి దొరుకుతుందన్నాడు. బీటెక్ సీటే రాకపోతే దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) బీఎస్సీ కంప్యూటర్స్ గానీ బీసీఏ గానీ తీసుకుని, ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏ చేయొచ్చు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కు జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పాసైతే చాలు. ఈ దారులేవీ ఆ కన్సల్టెన్సీ అబ్బాయి మాకు చెప్పలేదు, వీటిలో అతనికి కమీషన్ లేదు.

మా అమ్మాయి ఇప్పుడు ఐటీ మొదటి సంవత్సరం. సీ లాబ్ బాగుందంటోంది. ఎక్కడైనా ఒరిజినల్స్ ఇరుక్కుపోయి ఉంటే నాకు రాయండి. నేను రిజిస్ట్రార్‌కు పంపిన లేఖ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది, మీ వివరాలు మార్చుకుని పంపుకోవచ్చు.