పళ్లన్నీ పీకి కొత్త సెట్ పెడతం అనే క్లినిక్‌లతోని జాగ్రత్త, నల్గొండ పాలమూరు వాళ్లు జర చదవండి

ముందే చెప్తున్న, క్లినిక్ పేరు రాస్తలేను, ఫిర్యాదు నడుస్తున్నది, ఫోన్ చేసి గూడ అడగకుండ్రి. పేరు కంటే వాళ్లు ఎట్ల మాట్లాడతరో తెలుసుడు ముఖ్యం, ఎందుకంటే ఇసొంటియి ఒక్క టౌన్ల ఒక్కటే ఉండదు.

ఇరవై, ముప్పై ఏండ్ల మధ్యల ఉండి పళ్లు పాడై, అన్నీ తీయించి సెట్ పెట్టించుకోవాల్నా లేకపోతే లక్షలు పోసి బాగు చేయించుకోవాల్నా అని తల పట్టుకున్నోళ్ల కోసం రాస్తున్న. ఈ రెండిట్ల ఏదో ఒకటి చెప్పు అని మీ ముందల పెట్టిండ్రంటే అక్కడనే అనుమానపడాలె.

నాకు 28. మాది మర్రిగూడ దిక్కు, పని చౌటుప్పల్ కాడ ఫార్మా కంపెనీల. చిన్నగున్నప్పుడు తాగింది మొత్తం బోరు నీళ్లే, పళ్లు ఎట్లుంటయో మన జిల్లా వాళ్లకి చెప్పే పని లేదు, ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు, కొన్నిటి మీద సన్నటి గుంటలు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా నల్గొండ టెక్నిక్ అని మన పేరు పెట్టుకున్నది, పటిక, సున్నం వేసి తీసేది, పేరైతే వచ్చింది గానీ మా పళ్లు గిట్లనే మిగిలినయ్. దానికి తోడు నైట్ షిఫ్టుల చాయ్, బిస్కెట్లు, దవడ పళ్లు కొన్ని పుచ్చినయ్. ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు, "ఆ పళ్ల సంగతేందో చూపించుకో బిడ్డా" అని అమ్మ రోజూ ఒకటే పోరు.

గదే టైముల మండలంల ఫ్రీ డెంటల్ క్యాంప్ పెట్టిండ్రు. టౌన్ల క్లినిక్‌కి వస్తే ఓపీజీ గూడ ఫ్రీ అని కూపన్ ఇచ్చిండ్రు. ఓపీజీ అంటే రెండు దవడలు, పళ్లన్నీ ఒక్క ఫిల్మ్ మీద పడే ఎక్స్‌రే, బయట తీయించినా కొన్ని వందలే అయితది, దానికోసం ఎవ్వరి ఫ్రీ అక్కరలేదు.

క్లినిక్‌ల డాక్టర్ నోట్ల అద్దం పెట్టి అటు ఇటు చూసి లేచిండు, అంతే. తర్వాత పక్క రూముల కూసోబెట్టిండ్రు, అక్కడ తెల్ల కోటు వేసుకున్న మేడమ్, డాక్టర్ గాదు, ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్ అట. గోడకున్న పెద్ద స్క్రీన్ మీద నా ఎక్స్‌రే వేసి నల్లగ కనపడ్డ ప్రతి జాగల ఎర్ర గీత కొట్టుకుంట పోయింది, ఇది ఇన్ఫెక్షన్, ఇది ఇన్ఫెక్షన్, ఇది ఎముకలకు పాకింది. చూస్తుంటే నాకు చెమటలు పట్టినయ్. అండ్ల పై దవడ పళ్ల మీదున్న పెద్ద నల్ల మచ్చ రోగమే గాదు, చెంప ఎముక లోపల అందరికీ ఉండే సైనస్, గాలి గది, ఎక్స్‌రేల అది నల్లగనే పడతది. ఇది తర్వాత డెంటల్ కాలేజీల సార్ చెప్తే తెలిసింది.

"ఇవి ఫ్లోరైడ్ పళ్లు అన్నా, లోపల నుంచే గుల్లయినయ్, వీటికి ఎన్ని రూట్ కెనాల్స్ చేసినా నిలబడవు, అన్నీ తీసేసి ఒకేసారి ఫిక్స్‌డ్ పెట్టుకుంటే లైఫ్‌ల మళ్ల పంటి నొప్పే ఉండదు" అన్నది. పన్నే లేకపోతే నొప్పి ఎక్కడికెళ్లి వస్తది మేడమ్.

కాగితం మీద 3,60,000 రాసి కొట్టేసి, ఇయ్యాలనే కన్ఫర్మ్ చేస్తే 2,75,000 అని రాసింది, దవడ ఎముకల బిగించే మరలు, ఇంప్లాంట్లు అంటరు, వాటి మీద మూడు రోజులల్ల ఫిక్స్‌డ్ పళ్లట. అంత నాతోని కాదంటే ఇంకో కాగితం తీసింది, తీసి పెట్టుకునే సెట్టు, పైది కిందిది కలిపి 30,000. మళ్ల ఆమెనే "మీ ఏజ్‌కి అది వద్దులే అన్నా, రాత్రి గ్లాసుల ఏసి పండుకోవాలె, పెండ్లయినంక బాగుండదు" అని నవ్వింది. ఈ సెట్టు కాగితం ఉన్నదే మనం సిగ్గుపడి పెద్ద కాగితం మీద సంతకం పెట్టనీకి. రెండు కాగితాలల్ల మొదటి లైను మాత్రం ఒకటే, ఫుల్ మౌత్ ఎక్స్‌ట్రాక్షన్, అంటే నోట్ల పళ్లన్నీ పీకుడు. పళ్లు ఉంచుకొని బాగు చేసుకునే మూడో కాగితం ఆ రూములనే లేదు.

ఇక్కడ ఒక పని చేయుండ్రి. ప్రతి పన్నుకు ఒక నంబర్ ఉంటది, డాక్టర్లందరికీ తెలిసిందే, పైన కుడి దిక్కు 11 నుంచి 18, పైన ఎడమ 21 నుంచి 28, కింద ఎడమ 31 నుంచి 38, కింద కుడి 41 నుంచి 48. ఏ నంబర్ పన్ను ఎందుకు తీయాలె, దేనికి ఫిల్లింగ్, దేనికి రూట్ కెనాల్ అని కాగితం మీద రాసియ్యమనుండ్రి. నేను అడిగితే "అదంతా డాక్టర్ సార్ సిస్టమ్‌ల ఉంటది" అన్నది. పన్ను నంబర్ లేని ఎస్టిమేట్ ఎస్టిమేటే గాదు, టోకున రేటు కట్టుడు.

ఇగ పైసల కాడికి వస్తే, ఎలిజిబిలిటీ చూస్తం అంతే అని నా ఫోన్ తీసుకున్నది, పాన్, ఆధార్, ఒక సెల్ఫీ, రెండు ఓటీపీలు. ఎలిజిబిలిటీ అన్నది లోన్ శాంక్షనై కూసున్నది. ఆ పైసలు మన ఖాతాల పడవు, సీదా క్లినిక్‌కు పోతయ్, కిస్తీ మాత్రం మన ఖాతాల నుంచి కట్ అయితది, రేపు ట్రీట్‌మెంట్ వద్దని ఇంట్ల కూసున్నా కట్ అయితనే ఉంటది, కట్టకపోతే సిబిల్ స్కోర్ పాయె. జీరో ఇంట్రెస్ట్ అన్నా ఆ వడ్డీ ఎక్కడో రేటులనే కలిపి ఉంటది. లోన్ ఇచ్చేటోళ్లు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇయ్యాలె, ఆర్బీఐ రూలు అది, మొత్తం ఎంత కట్టాల్నో అండ్ల ఉంటది, ఫోన్ల తీసుకునే ఇసొంటి డిజిటల్ లోన్ అయితే వద్దనుకుంటే ఎన్ని రోజులల్ల వాపసు చేయొచ్చో గూడ ఉంటది. ఓటీపీ చెప్పకముందు అది చదువుండ్రి, ఫోన్ వాళ్ల చేతికియ్యకుండ్రి.

ఆ రోజే రెండు పళ్లు పీకిండ్రు. ఒకటి కింద ఎడమ దవడ పన్ను, నిజం మాట్లాడాలంటే అది ఎట్లైనా పోయేదే, వేరు దాకా చీలిపోయి ఉండె, దాని మీద నాకు లొల్లి లేదు. రెండోది పైన కోరపన్ను వెనకది, నొప్పి లేదు, కదులుడు లేదు, "ఎట్లైనా అన్నీ తీసేటియే కదా" అని దాన్ని గూడ లాగిండ్రు. మిగతావి వచ్చే వారం అన్నరు, మళ్ల పోతే డాక్టర్ మారిండు, హైదరాబాద్ నుంచి వచ్చే విజిటింగ్ డాక్టరట, నా నోట్ల ఏం జరిగిందో ఆయనకు నేనే చెప్పాల్సొచ్చింది. ఇగ అక్కడ ఆపేసిన. నా ఓపీజీ నాకియ్యుండ్రి అంటే "ఫ్రీది కదా అన్నా, బయటికి ఇయ్యం" అన్నరు.

బయట కొత్త ఓపీజీ తీయించుకొని డెంటల్ కాలేజీకి పోయిన. అక్కడ చూసిన తీరే వేరే. ఒక్కో పన్ను మీద అద్దం కాడతోని టక్ టక్ అని కొట్టి నొప్పి ఉందా అని అడిగిండ్రు, గడ్డకట్టినంత చల్లగున్న దూది ఉండ పన్నుకు ఆనిచ్చి జివ్వుమంటున్నదా చూసిండ్రు, జివ్వుమన్నదంటే లోపల నరం బతికే ఉన్నట్టు, సన్నటి పుల్ల చిగురు లోపలికి ఎంత లోతుకు దిగుతున్నదో కొలిచి ఒకరు చెప్తుంటే ఇంకొకరు రాసుకున్నరు. పొద్దంతా పట్టింది, లైన్ల నిలబడుడు, చదువుకునే పిల్లలే చేసుడు, అది నిజమే, కానీ వెనక ప్రొఫెసర్ వచ్చి మళ్ల చూస్తడు.

తేల్చిందేందంటే నాలుగు పళ్లకి రూట్ కెనాల్, క్యాప్. కొన్నిటికి మామూలు ఫిల్లింగ్. ముందు పళ్ల మచ్చలకు పైపైన సన్నగ అరగదీసి, అప్పటికీ పోని కాడ పంటి రంగు ఫిల్లింగ్, కాంపోజిట్ అంటరు, అది వేస్తరు. పీకాల్సినవి ఇంకొకటి గూడ లేదు.

ఫ్లోరైడ్ పళ్లు నిలబడవంట కదా సార్ అంటే ఆయన నవ్విండు. ఆ మచ్చలు చిన్నప్పుడు పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడ్డయి, ఎనిమిదేండ్ల వరకు పడేది అట్ల పడతది, తర్వాత ఏ నీళ్లు తాగినా పెరగదు, తరగదు. అది పై ఎనామిల్ సంగతి, వేరుకు దానికి సంబంధం లేదు. పన్ను ఉంచాల్నా తీయాల్నా అనేది రంగు చూసి చెప్పరు, చిగురు పైన క్యాప్ పట్టేంత గట్టి పన్ను మిగిలిందా, వేరు చీలిందా, చుట్టూ ఎముక ఎంతున్నది, ఎంత కదులుతున్నది, ఇవి చూస్తరు. మీ డాక్టర్‌ని ఇవే అడుగుండ్రి, పన్ను పన్నుకు.

సెట్టు పళ్లని నేను తక్కువ చేస్తలేను. మా పెద్దనాయిన సెట్టు తోనే బతుకుతున్నడు, ఆయనకు అక్కరకొచ్చింది. కానీ పక్కన కూసోని తినేటప్పుడు చూడాలె, పై సెట్టు అంగిలికి పట్టుకొని ఉంటది, కింది దానికి ఆ ఆసరా లేదు, నాలుక కదిలినప్పుడల్లా లేస్తది, జొన్న రొట్టెను పప్పుల నానబెట్టుకుంటడు, మటన్ అంటే ఖీమా, మక్క కంకి ముట్టడు. పన్ను పోయినంక దవడ ఎముక అరుగుతది, మొదటి ఏడాదే ఎక్కువ, తర్వాత మెల్లమెల్లగ జీవితాంతం. అందుకే కొన్నేండ్లకు సెట్టు లూజైతది, లోపల లైనింగ్ వేయించాలె లేకపోతే కొత్తది చేయించాలె. 65కి పెట్టుకున్నోనికి ఒకటి రెండు సెట్లతోని గడిచిపోతది, 28కి పెట్టుకుంటే 50 వచ్చేసరికి కింది సెట్టు ఆగనీకి ఎముక గట్టు సరిగ మిగలకపోవచ్చు. 30,000 కాగితంల ఈ లెక్క రాయరు. నిజంగనే అన్నీ పాడైనోళ్లకు గూడ కోరపళ్ల వేర్లు గట్టిగుంటే వాటిని ఉంచి మీద సెట్టు పెట్టే పద్ధతి ఉన్నది, ఓవర్ డెంచర్ అంటరు, ఆ జాగల ఎముక నిలుస్తది, అది ఉన్నదని ఆ మేడమ్ నాకు చెప్పనే లేదు.

మూడు రోజులల్ల పళ్లు అనే దాని గురించి గూడ. మామూలుగ ఇంప్లాంట్ ఎముకల కుదురుకోనీకి మూడు నుంచి ఆరు నెలలు తీసుకుంటరు. తొందరగ పళ్లు బిగించే పద్ధతులు గూడ ఉన్నయ్, అవన్నీ దొంగ పనులు అంటలేను, కానీ బాగున్న పళ్లు తీసి వాటికి జాగ చేసుడు దొంగ పనే. ఇంప్లాంట్ పుచ్చిపోదు కానీ దాని చుట్టూ చిగురుకు రోగం వస్తది, గుట్కా, బీడీ, షుగర్ ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ, లైఫ్‌ల నొప్పే ఉండదనేది ఉత్తదే.

రేట్లు నేను రెండు మూడు చోట్ల అడిగినయి చెప్తున్న, రూట్ కెనాల్ 3,000 నుంచి 5,000, మెటల్ సిరామిక్ క్యాప్ 3,000 నుంచి 5,000, జిర్కోనియా అయితే 8,000 మీద, ఒక్క ఇంప్లాంట్ పన్నుతో కలిపి 25,000 నుంచి పైకి. కాలేజీలల్ల వీటికంటే బాగా తక్కువ. లెక్కేస్తే నా నోరు మొత్తం, పోయిన రెండిటికి పక్క పళ్ల ఆసరాతోని పెట్టే బ్రిడ్జో తీసి పెట్టుకునేదో కలిపినా, ఆ పెద్ద కాగితంల మూడో వంతు దాటదు, అది గూడ ఒక్కసారి గాదు, నొప్పున్నది ముందు, మిగతాది చేతిల పైసలున్నప్పుడు. మన దిక్కు నార్కట్‌పల్లి కాడ కామినేని డెంటల్ కాలేజీ ఉన్నది, పాలమూరు వాళ్లకి ఎస్వీఎస్ డెంటల్ కాలేజీ, హైదరాబాద్ పోగలిగితే అఫ్జల్‌గంజ్‌ల గవర్నమెంట్ డెంటల్ హాస్పిటల్. ఎక్కడ పైసలు పెట్టేదున్నా ముందు వీటిల్ల ఒక్కసారి చూపించుకోండ్రి. ఇంత ఖర్చెందుకని సంతల, బస్టాండ్ కాడ పక్క పళ్లకు అతికించి పన్ను పెట్టేటోళ్ల కాడికి మాత్రం పోకుండ్రి, ఆ అతుకు కింద తిండి ఇరికి పక్కనున్న మంచి పళ్లు గూడ పోతయ్.

నా పైసల సంగతి. లోన్ క్యాన్సిల్ చేయమని క్లినిక్‌కూ ఫైనాన్స్ కంపెనీకీ ఇద్దరికీ రాతపూర్వకంగ మెయిల్ పెట్టిన, ఫోన్ల మాట్లాడితే ఎవడూ ఒప్పుకోడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌ల ఫిర్యాదు నంబర్ వచ్చినంక క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, చేయని పనికి సంబంధించిన లోన్ వెనక్కి పంపిండ్రు. నేను కట్టిన అడ్వాన్స్ 20,000 మాత్రం నాన్ రిఫండబుల్, వాపసు ఇయ్యం అంటున్నరు, రసీదు వెనక చిన్న అక్షరాలల్ల ఉన్నదట. పైసలు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తదని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది, జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, జరిగిన రెండేండ్ల లోపు వేయొచ్చు. అడ్వాన్స్‌కు, ఆ పీకిన కోరపన్ను పక్క దానికి కలిపి వేస్తున్న, కాలేజీ రిపోర్టు, రెండు ఎస్టిమేట్ కాగితాలు జత చేసిన.

అదే క్యాంప్ కూపన్ మీద పోయినోళ్లు మునుగోడు, చండూరు దిక్కు ఇంకా ఉన్నరని విన్న. మీ దగ్గర ఎస్టిమేట్ కాగితం, రసీదు, లోన్ మెసేజ్‌లు ఏమున్నా పారేయకుండ్రి, పళ్ల నంబర్లు లేని కాగితమైతే ఇంకా మంచిది, ఫోటో తీసి నాకు పంపుండ్రి, కమిషన్ల నా ఒక్కని కాగితం కంటే నలుగురివి ఉంటే వేరే ఉంటది.