జర్మన్ షెపర్డ్ కొంటున్నారా? ‘షో లైన్’ అన్న మాట నమ్మి అడ్వాన్స్ పంపకండి

హైదరాబాద్‌లో జర్మన్ షెపర్డ్ పిల్ల కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు పంపండి.

నిరుడు ఆగస్టులో 40 వేలు పెట్టి ఒక పిల్లను కొన్నాను. మాది మూడో అంతస్తు ఫ్లాట్ అని, ఇంట్లో ఏడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో నడిచే మా అమ్మ ఉన్నారని, నెమ్మదైన కుక్క కావాలని అమ్మిన వ్యక్తికి ముందే చెప్పాను. ‘‘పక్కా షో లైన్ సార్, తండ్రి ఛాంపియన్, పైగా డబుల్ కోట్’’ అన్నాడు. షో లైన్ అంటే కుక్కల ప్రదర్శనల కోసం పెంచిన సంతతి. తల్లిని చూపించమంటే ఊరి బయట ఫారంలో ఉందన్నాడు. పిల్ల బూడిద రంగులో ఉందేమని అడిగితే పెద్దయ్యాక ఎరుపు తిరుగుతుందన్నాడు. నేను నమ్మాను.

అయిదో నెల వచ్చేసరికి పాప పరుగెత్తితే చాలు, మా కుక్కపిల్ల వీర వెంటపడి గౌను అంచు పట్టి లాగేది. పొద్దున గంట, సాయంత్రం గంట నడిపించినా రాత్రి పదకొండింటికి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉండేది. ఒకరోజు బంతి కోసం దూకి అమ్మను పడేసింది. ఆమె మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. శిక్షకుణ్ణి పిలిపిస్తే పది నిమిషాలు చూసి, ‘‘ఇది వర్కింగ్ లైన్ పిల్లండీ, దీనికి నడక చాలదు, పని కావాలి’’ అన్నాడు.

ఈ జాతికి 1899లో జర్మనీలో సంఘం పెట్టిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ దీన్ని మందలు కాసే పని కుక్కగానే తీర్చిదిద్దాడు. తర్వాత దారులు చీలాయి. ప్రదర్శనల కోసం పెంచిన షో లైన్ కుక్కలకు నలుపు, ఎరుపు కలిసిన రంగు, వీపు మీద జీను పరిచినట్టు నల్లటి మచ్చ, వెనక్కి వాలిన నడుము ఉంటాయి. పోలీసు పనికీ సరిహద్దు కాపలాకూ పెంచిన తూర్పు జర్మనీ, చెక్ సంతతికి, అంటే వర్కింగ్ లైన్‌కు, వీపు తిన్నగా ఉంటుంది. వెంటాడి పట్టుకోవాలన్న తపన చాలా ఎక్కువ. రంగు తరచు నలుపు లేదా ముదురు సేబుల్, అంటే వెంట్రుక మొదట్లో లేతగా, కొనలో నల్లగా ఉంటుంది. షో లైన్‌లోనూ సేబుల్ ఉంది కనుక రంగొక్కటే చూసి తేల్చకండి.

నాలుగు నెలలు తిప్పించుకున్నాక అమ్మిన వ్యక్తి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం ఇచ్చాడు. అది నకిలీ కాదు. మీరు గమనించాల్సింది ఇదే: ఆ పత్రం జాతి ఏదో చెబుతుంది, లైన్ ఏదో చెప్పదు. తాతముత్తాతల పేర్లు చదవాలి. మా పత్రంలో తల్లి వైపు ‘పొహ్రానిచ్ని స్త్రాజె’ అన్న పేరుంది. అది ఒకప్పటి చెకోస్లొవాకియా సరిహద్దు దళం కెన్నెల్, అంటే కుక్కల పెంపక కేంద్రం. జర్మన్ షో లైన్ అయితే పూర్వీకుల పేర్ల దగ్గర వీ, వీఏ అనే ప్రదర్శన గ్రేడ్లు వరుసగా కనిపిస్తాయి. ఐజీపీ అనే పని పరీక్ష మాత్రం రెండు లైన్లలోనూ ఉంటుంది, ఎందుకంటే జర్మనీలో షో కుక్కలను జత కట్టించాలన్నా పని పరీక్ష నెగ్గాలి.

ఆ ‘డబుల్ కోట్’ కోసం నా దగ్గర 8 వేలు అదనంగా తీసుకున్నాడు. పై జుట్టు, కింద మెత్తటి ఉన్ని, ఇలా రెండు పొరలుండటం ఈ జాతికి సహజం. దానికి వేరే ధర అడిగేవారిని నమ్మకండి. ఇంకొకటి, పిల్లను 42 రోజులకే చేతిలో పెట్టాడు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

అడ్వాన్స్ ఇవ్వకముందే తల్లిని కళ్లారా చూడండి. దాని ముందు బంతి విసరండి, పక్కన కొత్తవారు నిలబడితే ఎలా ఉంటుందో గమనించండి. తల్లిదండ్రుల పెడిగ్రీ (వంశావళి) పత్రాలు, తుంటి ఎక్స్‌రేలు అడగండి. కాదంటే వచ్చేయండి.

అమ్మిన వ్యక్తిని నిలదీస్తే, కుక్కను వెనక్కి తీసుకుంటాను గానీ డబ్బు ఇవ్వనన్నాడు. నేను కుక్కను ఇవ్వలేదు. ఇస్తే మరో ఇంటికి అదే మాట చెప్పి అమ్ముతాడు. ఇప్పుడు శిక్షకుడు వీర చేత వాసన పట్టి వెతికే పని చేయిస్తున్నాడు. ఇరవై నిమిషాలు వెతికిన రోజున రాత్రి హాయిగా నిద్రపోతోంది.

దానితో పాటు పుట్టిన మరో అయిదు పిల్లలు అమ్ముడయ్యాయి. నిరుడు జూన్ చివరి వారంలో పుట్టిన బూడిద రంగు పిల్లను షో లైన్ అని హైదరాబాద్‌లో కొన్నవారుంటే నాకు రాయండి, పత్రాలు పోల్చి చూద్దాం.